దేవమాలి కొండను మహారాష్ట్రకు పంపే మాట

ఒడిశాలో పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా ఏ గోడ మీద చూసినా ఇదే తరహా ఫ్లెక్సీ: ‘అవర్ రిజల్ట్స్ ఆర్ బెటర్ దేన్ ఎనీ కోచింగ్ సెంటర్’. రాసింది ఇంగ్లీషు నేర్పేవారే కనుక శాసనంగానే స్వీకరిద్దాం. దాని ప్రకారం ఒక పళ్ళెంలో ఫలితాలు, రెండో పళ్ళెంలో బెంచీలు, ఫ్యాన్లు, ఫీజు గుమస్తాతో సహా ఓ కోచింగ్ సెంటరు. ఫలితాలే తూగాయట!

విరుగుడు చిన్నదే: ‘దేన్ దోజ్ ఆఫ్’. రిజల్ట్స్ బహువచనం కాబట్టి ‘దోజ్’, ఏకవచనమైతే ‘దట్’. ‘దేన్’కి ఇటు ఏ జాతిది ఉందో అటూ అదే జాతిది ఉండాలి. మనం ‘పలాస కన్నా బరంపురంలో పట్టుచీరలు చౌక’ అంటే, ఊరినీ చీరనూ పోల్చారేమని ఎవరూ తగవుకి రారు, వినేవాడే సర్దుకుంటాడు. పరీక్ష పేపరు దిద్దేవాడు సర్దుకోడు. ‘చీపర్ ఇన్ బరంపురం దేన్ ఇన్ పలాస’ అని రెండో ‘ఇన్’ కూడా చెల్లించాల్సిందే.

అసలు ప్రమాదం ‘ఎనీ’తో. ఆ సెంటరూ ఒక సెంటరే గనుక తనకన్నా తనే మెరుగని చాటుకుంది. ‘ఎనీ అదర్’ అనాలి. అలాగని ‘అదర్’ని అన్నిచోట్లా చల్లేయకూడదు. కోరాపుట్ జిల్లా దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తు. ‘హయ్యర్ దేన్ ఎనీ పీక్ ఇన్ ఒడిశా’ అంటే కొండ తన నెత్తిన తనే ఎక్కినట్టు. అక్కడ ‘అదర్’ కావాలి. మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన కల్సూబాయి 1646 మీటర్లే. కాబట్టి ‘హయ్యర్ దేన్ ఎనీ పీక్ ఇన్ మహారాష్ట్ర’ నిక్షేపంలాంటి వాక్యం. అందులో ‘అదర్’ దూర్చారా, దేవమాలి మహారాష్ట్రకు వెళ్ళిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఈ ప్రాంతాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలో కలపడానికి లండన్ దాకా కాగితాలు నడిచాయి. ఇప్పుడా పని ప్లస్ టూ కుర్రాడు ఒక్క మాటతో కానిచ్చేస్తున్నాడు.

ఫ్లెక్సీలో రెండో వరుస: ‘పేరెంట్స్ ట్రస్ట్ అస్ మోర్ దేన్ రెలటివ్స్’. బంధువులు తమని నమ్మేదానికన్నా తల్లిదండ్రులు ఎక్కువ నమ్ముతారనా, తల్లిదండ్రులు బంధువుల కన్నా తమనే ఎక్కువ నమ్ముతారనా? మొదటిదైతే చివర ‘డూ’ తగిలించాలి, రెండోదైతే ‘దేన్ దే ట్రస్ట్ రెలటివ్స్’. మొదటిదే నిజమైతే ఫీజు కట్టేముందు మేనమామనీ ఓ మాట అడగడం క్షేమం.

అడుగున ‘హాస్టల్ ఫుడ్ యాజ్ గుడ్ ఆర్ బెటర్ దేన్ హోమ్’. ‘ఆర్ బెటర్ దేన్’ని వేలితో మూసి చదవండి: ‘యాజ్ గుడ్ హోమ్’. రెండో ‘యాజ్’ గల్లంతు. ‘యాజ్ గుడ్ యాజ్, ఆర్ బెటర్ దేన్, ఫుడ్ ఎట్ హోమ్’ అంటే అన్నాన్ని ఇంటితో పోల్చిన పాపం కూడా పోతుంది.

ఇవన్నీ ఇరికించడానికి ఫ్లెక్సీలో చోటు లేదంటే టాపర్ల ఫొటోల్లో ఒకటి తీసేయొచ్చు. ఎలాగూ ఆ అబ్బాయి పక్క సెంటరు ఫ్లెక్సీ మీద కూడా నవ్వుతూనే ఉన్నాడు.