సవరణ: శక సంవత్సరానికి ప్రతిసారీ 78 కలపొద్దు

పరిశోధనా వ్యాసానికి నోట్సు రాసుకోవడం గురించి మొన్న పెట్టిన పోస్టులో, శాసనంలో శక సంవత్సరం కనిపిస్తే 78 కలిపి క్రీస్తుశకం వేసుకోండి అని ఉంది. అన్నిసార్లూ అది సరిపోదు. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి మళ్లీ ఉగాది దాకా పడే తేదీలకు మామూలుగా 79 కలపాలి. మన హన్మకొండ వేయిస్తంభాల గుడి శాసనమే చూడండి, శక 1084, మాఘ మాసం. 78 కలిపితే 1162 వస్తుంది, అసలు తేదీ మాత్రం 1163 జనవరి. అందుకే సంవత్సరం ఒక్కటే గీకేసి వదలకుండా మాసం, పక్షం, తిథి ఉన్నవి ఉన్నట్టు ఎక్కించుకోండి, లెక్క పక్కన వేసుకోవచ్చు. ఆ గుడి కట్టించిన కాకతీయ రాజు రుద్రదేవుడి కాలం మీద వ్యాసం రాసేవాళ్లకైతే ఈ ఒక్క ఏడాది తేడా వైవాలో (వ్యాసం మీద జరిగే మౌఖిక పరీక్షలో) బాగానే టెన్షన్ పెడుతుంది. ఆ పోస్టులో పరిశోధన ప్రశ్నను చిన్నది చేసుకోవడం గురించి రాసిన మిగతా భాగం అలాగే ఉంచాను.