నిమ్మకాయ ఉండగా గార్డు దేనికి?

ఈమధ్య మా బరంపురంలో ఒక చెడ్డ అలవాటు మొదలైంది. కొందరు కుర్రాళ్లు ఇనుము కోసే గ్రైండర్ ఆన్ చేసే ముందు కళ్లద్దాలు పెట్టుకుంటున్నారు. ఐటీఐలో నేర్పారట. ఆ ఐటీఐ పిల్లలు తుక్కు ఇనుముతో పెద్ద పెద్ద బొమ్మలు చేసి నిలబెడతారు, అది ఊరికంతా గర్వమే, కాదనను. కానీ ఇంట్లో స్టూలు కాలు కోయడానికి కూడా కళ్లద్దాలు, బూట్లు అంటే మన పరువేం కావాలి? పెద్దవాళ్లం ఎవరో ఒకరు నోరు విప్పక తప్పదు కాబట్టి నేను విప్పుతున్నాను.

ముందు మా భద్రతా ఏర్పాట్ల గురించి చెబుతాను. 1936 ఏప్రిల్ 1న మమ్మల్ని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి ఒడిశాలో కలిపారు. దానివల్ల ఇక్కడి తెలుగువాళ్లకు బడి పోయింది, భాష పోయింది అని బాధపడేవాళ్లు ఉన్నారు గానీ, జరిగిన మేలు ఎవరూ చెప్పరు. దసరాకు ఆయుధపూజ మనతో పాటు తెచ్చుకున్నాం. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ ఇక్కడ దొరికింది. అంటే నా డ్రిల్లుకూ గ్రైండర్‌కూ ఏడాదికి రెండుసార్లు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయ. ఇచ్ఛాపురం దాటితే చాలా ఇళ్లలో ఒక్కసారితో సరిపెట్టేస్తారు పాపం. రెండు పాలసీలు కట్టినవాణ్ని పట్టుకుని కళ్లద్దాలు పెట్టుకోమనడం దేవుడి మీద అనుమానం కాక మరేమిటి?

ఇక గార్డు. నాలుగంగుళాల గ్రైండర్ కొంటే డబ్బాలో అర్ధచంద్రాకారంలో ఒక ఇనుప తొడుగు వస్తుంది. డిస్కు పగిలితే ముక్కలు మన మొహం మీదికి రాకుండా అడ్డుపడుతుందట. కొన్నరోజే విప్పి పారేశాను. అది ఉంటే కోత సరిగ్గా కనబడదు, పెద్ద డిస్కు అసలే పట్టదు. ఈ మెషీను నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేసి చూడండి, డిస్కు అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటి పోతుంటుంది. వందేభారత్ రైలును 160 దాటనివ్వరు. మేం మా వసారాలో లుంగీ ఎగ్గట్టి, సిగ్నలూ గేటూ ఏమీ లేకుండా 200 నడుపుతున్నాం. దేశం మమ్మల్ని గుర్తించకపోతే ఏంచేస్తాం.

మా బావమరిది ఇంకో అడుగు ముందుకేశాడు. పెద్ద మెషీనుకు వేసే ఏడంగుళాల డిస్కు తెచ్చి చిన్నదానికి బిగించాడు. దాని మీద 8,500 అని రాసి ఉంటుంది. నిమిషానికి అంతకు మించి తిప్పొద్దని దానర్థం. వాడు సీరియల్ నంబరనుకున్నాడు. మధ్య రంధ్రం పెద్దదై డిస్కు ఊగుతుంటే వాషర్లు వేశాడు. డిస్కు మధ్యనున్న రేకు చక్రం మీద ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంటుందని ఒక కుర్రాడు చూపిస్తే ఇద్దరం తెగ నవ్వుకున్నాం. ఆవకాయకు లేని ఎక్స్‌పైరీ డిస్కుకా! చెమ్మ తగిలితే లోపలి జిగురు బలహీనపడుతుందని వాడేదో చెప్పబోయాడు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా రేకుల షెడ్డులో తడిసిన డిస్కులు నాలుగు ఇంకా నా దగ్గర ఉన్నాయి. అంతటి తుఫానుకు నిలబడ్డవి నా స్టూలు కాలుకు పగులుతాయా?

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ప్లగ్గు ఊడిపోయి ఏడాదైంది. రెండు వైర్ల కొనలూ సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగిస్తాం. మా బోర్డులో ఆర్‌సీసీబీ అని ఒకటి ఉండేది. 30 మిల్లీ యాంపియర్లు లీకైతే చాలు, కరెంటు ఆపేస్తుంది. అంత పిసినారి పరికరాన్ని నేనెక్కడా చూడలేదు. గ్రైండర్ పెట్టినప్పుడల్లా పడిపోతుంటే, తప్పు గ్రైండర్‌ది కాదని తేల్చి దాన్నే పీకించేశాం.

అయితే నేను మొండివాణ్ని కాను. ఒకసారి మీ సేఫ్టీని నేనూ పాటించి చూశాను. మొన్నామధ్య నీళ్ల మోటారు మీద మూత కోసం రేకుకు నాలుగు రంధ్రాలు పెట్టాల్సి వచ్చింది. "చెక్క మీద పెట్టి క్లాంపు బిగించండి, చేత్తో పట్టుకోకండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఆవిడ బుడమకాయలు తరుగుతూ కూడా నాకు ఇంజినీరింగ్ చెప్పగలదు. సరే, జాగ్రత్త అంటే జాగ్రత్తే అని క్లాంపు మానేసి నూలు గ్లవుజులు తొడుక్కున్నాను. మూడు రంధ్రాలు బాగానే పడ్డాయి. నాలుగోది అవతలికి తేలబోతుండగా డ్రిల్లు బిట్టు రేకును పట్టేసింది. రేకు సీలింగ్ ఫ్యాన్‌లా గిర్రున తిరిగి అరచెయ్యి కోసింది. వదిలించుకుందామని రెండో చెయ్యి వేస్తే గ్లవుజు దారం బిట్టుకు చుట్టుకుని చూపుడువేలిని కూడా రమ్మంది.

కుట్లు వేయించుకుంటుంటే పక్క బల్ల మీద ఒక ఒడియా వడ్రంగి కట్టు మార్పించుకుంటున్నాడు. "భాయినా, తిరిగే బిట్టు దగ్గర గ్లవుజులు వేసుకోకూడదు, అది దారం కోసమే చూస్తుంటుంది" అన్నాడు. ఇంకా ఏవేవో జాగ్రత్తలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. తొమ్మిదో దానితో ఆపేశాడు. పదోది ఏమిటని అడగబోయి అతని ఎడమచెయ్యి చూసి ఊరుకున్నాను.

కంట్లో ఇనుప రజను పడితే? చీర కొంగు ఉంది, ఊదడానికి అత్తగారున్నారు. ఇనుము నల్లగుడ్డు మీద కొన్ని గంటల్లోనే తుప్పు పట్టి చుట్టూ తుప్పురంగు వలయం కడుతుందని కంటి డాక్టరు మా బావమరిదికి అద్దంలో చూపించి మరీ చెప్పాడు. వాడు ఇంటికొచ్చి, "నా కన్ను కూడా నిఖార్సైన ఇనుమే బావా" అన్నాడు.

ఏది ఏమైనా గార్డు పనికిరాని వస్తువని నేను ఇన్నాళ్లూ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మొన్న సెప్టెంబరు 17న మా ఆవిడ అటక మీద వెతికి దాన్ని కిందికి దించింది. చింతపండు పెట్టి తళతళా తోమింది. మెషీను మెడకు పట్టే ఆ రంధ్రంలో అరటిపండు ముక్క దూర్చి, అగరొత్తులు గుచ్చి, గ్రైండర్ ముందు పెట్టింది. ఒక్కటీ పక్కకు వాలలేదు. అంత గట్టిగా బిగిసింది.