పంక్చర్ సీను

సినిమా మొదలైన 40 నిమిషాలకి నేను నిద్రపోయాను. ఈ సంగతి అప్పుడు మా ఆవిడకి ఒక్కదానికే తెలుసు, నా తల ఉన్నది ఆవిడ భుజం మీదే కాబట్టి. నాక్కూడా తెలియదు.

మా బావమరిది ఒక ఫిల్మ్ సొసైటీలో సభ్యుడు. వాళ్ళు నెలకో సినిమా వేసి, తర్వాత గంటసేపు చర్చ పెడతారు. సినిమా కన్నా చర్చకే జనం ఎక్కువ వస్తారని వాడే ఒకసారి నోరు జారాడు. ఈసారి వేసింది ప్రయోగాత్మక సైన్స్ ఫిక్షన్. నిడివి 2 గంటల 40 నిమిషాలు. అందులోని మాటలన్నీ రాసినా డాక్టరు మందుల చీటీ నిండదు. ఏదో గ్రహం మీద ఒకావిడ ఒంటరిగా ఉంటుంది. ఒక తలుపు తీస్తుంది. అవతల ఇంకో తలుపు ఉంటుంది. అదీ తీస్తుంది.

"ఏమీ జరగట్లేదేంట్రా?" అని ఇరవయ్యో నిమిషంలో అడిగాను.

"ఓపిక పట్టు బావా. 1968లో కుబ్రిక్ తీసిన స్పేస్ ఒడిస్సీలో మొదటి డైలాగు వినబడ్డానికే దాదాపు 25 నిమిషాలు పడుతుంది."

25 దాటింది. ఆవిడ తలుపులు తీస్తూనే ఉంది. మళ్ళీ వాడి వైపు చూశాను. వాడి దగ్గర ఇంకోటి సిద్ధంగా ఉంది. 1979లో రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీ 'స్టాకర్' అనే సినిమా తీస్తే, మొదట్లో మరీ నెమ్మదిగా ఉందని అక్కడి సర్కారు సినిమా అధికారులు గొణిగారట. ఇంకా నెమ్మదిగా ఉండాలి, పొరపాటున ఈ హాల్లోకి వచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోవడానికి టైమివ్వాలిగా అన్నాడట ఆయన.

ఆ మహానుభావుడి మాట మన్నించి నేను లేచాను. మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. ఆ తర్వాత జరిగిందే నిద్ర.

లైట్లు వెలిగేసరికి హాలంతా రెండు ముక్కలై ఉంది. చివరి షాట్‌లో ఆవిడ మనవైపు తిరిగి నోరు తెరుస్తుంది, వెంటనే తెర నల్లబడుతుంది. ఏమంది? "అమ్మా అంది" అన్నారు ముందు వరసవాళ్ళు. "అనబోయింది, అనలేదు, అదే గొప్పతనం" అన్నారు కిటికీ వైపు వాళ్ళు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒకాయన లేచి, ముప్ఫై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నాను, ఆవిడ ఆవలించింది అన్నాడు. ఆ మాటతో కొట్లాట దాకా వెళ్ళింది. ఇది మహాకావ్యం అని ఒకాయన, నా సాయంత్రం నాకు తిరిగిచ్చెయ్యండి అని ఒకాయన. ఇద్దరూ అన్నదమ్ములు, ఒకే స్కూటర్ మీద వచ్చారు.

అధ్యక్షుడు గొడవ సర్దడానికి నా వైపు తిరిగాడు. "మీరు కొత్తగా వచ్చారు. మీకేమనిపించింది?"

బాగుంది అనేసి కూర్చోవాల్సింది. కూర్చోలేదు.

"మిగతాదంతా ఏమో గానీ, ఆ పంక్చర్ సీను మాత్రం నన్ను కదిలించేసిందండీ" అన్నాను.

నిజం చెబుతున్నాను, అది సినిమాలో ఉందనే అనుకున్నాను. ఎర్రమట్టి నేల. ఒక ముసలాయన గొంతుక్కూర్చుని, ట్యూబుకి గాలి కొట్టి నీళ్ళ బేసిన్‌లో ముంచుతున్నాడు. బుడగలు పైకి వస్తున్నాయి. అంత స్పష్టంగా గుర్తుంది. తలుపు వెనక తలుపు వచ్చే సినిమాలో పంక్చర్ వేసే ముసలాయన రాకూడదని ఎక్కడుంది?

రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత రిటైరైన ఫిజిక్స్ మాష్టారు మెల్లగా తలూపారు. "ఆ సీను గురించి ఎవరైనా ఎత్తుతారేమోనని ఇందాకట్నుంచీ ఎదురుచూస్తున్నాను."

అంతే. ట్యూబంటే మొదలూ చివరా లేని కాలమని మాష్టారు తేల్చేశారు. విశ్వం ఆకారం అలాంటి కంకణంలా ఉండే అవకాశాన్ని శాస్త్రవేత్తలు కొట్టిపారేయలేదని కూడా అన్నారు. గాలి పోయిన జీవితంలోకి మళ్ళీ గాలి నింపడం అని ఒకమ్మాయి అంటే పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. గ్రహాంతరంలో సైకిల్ ట్యూబేమిటండీ అని ఎవరో అడ్డం తగిలారు. మా బావమరిది ఊరుకుంటాడా? 1972లో 'సొలారిస్'లో రాబోయే కాలపు నగరాన్ని చూపించడానికి తార్కోవ్‌స్కీ టోక్యో రోడ్ల మీద కారు తిప్పి సరిపెట్టాడు, నిమిషాల తరబడి, మరి దానికేమంటారు అన్నాడు. అడిగినాయన దానికేమీ అనలేకపోయాడు.

నాకు ఊపొచ్చింది. "బుడగలు ఒకచోట కాదండీ, రెండుచోట్ల నుంచి వచ్చాయి" అని గుర్తు చేసుకుని మరీ చెప్పాను. ఆ మాట అనకపోయుంటే ఆ రాత్రి అందరం ఓ గంట ముందు ఇళ్ళకి చేరేవాళ్ళం. రెండు బుడగల బారులంటే కాలం రెండుగా చీలిందని ఒక వర్గం. ఆవిడా, ఆవిడ నీడా అని ఇంకో వర్గం. డాక్టరుగారు మాత్రం రెండు ముక్కు రంధ్రాలన్నారు.

వెనక వరసలోంచి ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, అసలు సినిమాలో అలాంటి సీనే లేదు."

హాలంతా వెనక్కి తిరిగింది. "నువ్వు ఫోన్ చూసుకుంటూ ఉండుంటావ్" అన్నారు మాష్టారు జాలిగా. కుర్రాడు ఏదో అనబోయి ఆగిపోయాడు. పాపం, మధ్యలో ఓ రెండు నిమిషాలు చూసుకున్నాడట.

ఇంటికి వెళ్తుంటే వెనక సీట్లోంచి మా ఆవిడ అడిగింది. "ఆ ముసలాయన కళ్ళజోడుకి ఒకవైపు దారం కట్టి ఉందా?"

"అబ్బ, నువ్వూ గమనించావా!"

"వచ్చేటప్పుడు మన స్కూటర్‌కి పంక్చర్ వేసింది ఆయనే."

బండి ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.

మర్నాడే అధ్యక్షుడికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. ఈలోపు ఆయనే చేశాడు. కుర్రాడు పట్టు వదలడం లేదు, ఆదివారం సినిమా మళ్ళీ వేస్తున్నాం, మీరు తప్పకుండా రావాలి, సీను మీది కదా అన్నాడు. నాది అనే మాట ఆయన అంత తేలిగ్గా వాడేసరికి నాకు నోరు పెగల్లేదు.

ఆదివారం 2 గంటల 40 నిమిషాలూ తొడ గిల్లుకుంటూ చూశాను. నేను నిద్రపోయిన సేపట్లో ఆవిడ తొమ్మిది తలుపులు తీసింది. అంతకుమించి నేను పోగొట్టుకున్నదేమీ లేదు. పంక్చర్ లేదు, బేసిన్ లేదు, ముసలాయన లేడు. లైట్లు వెలిగాయి. కుర్రాడి మొహం వెలిగింది. ఇక తప్పదు, ఒప్పేసుకుందామని లేవబోయాను.

మాష్టారు నా కన్నా ముందు లేచారు. "కత్తిరించేశారు" అన్నారు, దుఃఖంగా.

"స్పేస్ ఒడిస్సీ తొలి ప్రదర్శనలయ్యాక కుబ్రిక్ స్వయంగా సుమారు 19 నిమిషాలు కోసేశాడు. అంతటివాడే కోసినప్పుడు వీళ్ళు కొయ్యరా? మొన్న మనం చూసింది పూర్తి ప్రతి. అదృష్టవంతులం."

"అవును" అని మా బావమరిది అందుకున్నాడు. "బ్లేడ్ రన్నర్ అనే సినిమా 1982లో వచ్చింది. 1992లో డైరెక్టర్స్ కట్ అని మళ్ళీ విడుదల చేసినప్పుడు హీరోకి ఒంటికొమ్ము గుర్రం కనబడే చిన్న ముక్క కలిపారు. దాంతో హీరో అసలు మనిషేనా, మనుషులు తయారుచేసిన నకలు మనిషా అని అనుమానం ముదిరింది. మనిషి కాదంటాడు దర్శకుడు రిడ్లీ స్కాట్, మనిషేనని వాదించాడు హీరో వేసిన హారిసన్ ఫోర్డ్. తీసినవాళ్ళకే తేలలేదు! ఇంతా చేస్తే అది కొన్ని క్షణాల కల బావా, ఉత్త కల!"

కల అనే మాట దగ్గర మా ఆవిడకి దగ్గొచ్చింది.

"రెండుసార్లూ వేసింది ఒకటే ఫైలు సార్" అన్నాడు ప్రొజెక్టర్ దగ్గర కుర్రాడు. ఎవరూ వినిపించుకోలేదు. సీను ఉందన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. పద్నాలుగు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. నేనెత్తలేదు, మా ఆవిడ పట్టుకుని ఎత్తింది. వెనక వరస కుర్రాడు కాసేపు చూసి, నెమ్మదిగా తనూ ఎత్తాడు. అది పదిహేను.

రెండ్రోజుల తర్వాత స్కూటర్‌కి మళ్ళీ అదే టైరు గాలి దిగిపోయింది. అదే ముసలాయన దగ్గరికి తోసుకెళ్ళాను. ఆయన దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని, ట్యూబు ఊడదీసి గాలి కొట్టి బేసిన్‌లో ముంచాడు. బుడగలు. కాసేపాగి పక్కనే ఇంకో బారు. నేను ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"ఏంటి సార్, అంతలా చూస్తున్నారు?"

"రెండుచోట్ల నుంచి వస్తున్నాయేంటి?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రెండు చిల్లులున్నాయి సార్. మొన్న చెబితే ఒకటి వేస్తే చాల్లే, సినిమాకి టైమైపోతోందన్నారుగా."