లైబీరియాలో అన్నం దిగకపోతే తిన్నట్టు కాదు

పొద్దున రొట్టె, మధ్యాహ్నం కర్రపెండలం తిన్నా సరే, అన్నం ముద్ద దిగకపోతే పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియాలో చాలామంది ‘ఇవాళ ఏమీ తినలేదు’ అనే అంటారు. ఇది మనవాళ్లకు కొత్తగా అనిపించదు. కాకపోతే అక్కడ ఆ అన్నం చుట్టూ నడిచిన రాజకీయం మాత్రం చాలా ఘాటైంది.

ముందు కూరల సంగతి. కర్రపెండలం లేత ఆకుల్ని మెత్తగా దంచి, పామాయిల్, కారపు మిరపకాయలు, ఎండుచేప, మాంసం అన్నీ ఒకే కుండలో వేసి ఉడికిస్తారు. చేప, మాంసం కలపకూడదన్న పట్టింపు లేదు. ఆగ్నేయాన గ్రెబో జనానికి పామ్ బటర్ ప్రాణం. తాటి జాతికే చెందిన ఆయిల్‌పామ్ పండ్లను ఉడికించి, దంచి, వడకట్టిన చిక్కటి పులుసు అది. ఉత్తరాన లోఫాలో చేదు చిట్టి వంకాయలతో చేసే టోర్బోగీ ఉంది. డంబాయ్ అయితే ఉడికించిన కర్రపెండలాన్ని రోట్లో జిగురొచ్చేదాకా దంచి చేస్తారు. దాన్ని నమలరు, మిరపకాయల ఘాటుండే పెప్పర్ సూప్‌లో ముంచి మింగేస్తారు.

వీటిలో చాలా కూరలకు జోడీ అన్నమే. ఆ బియ్యంలో ఎక్కువ భాగం దిగుమతి! పశ్చిమ ఆఫ్రికా తనదైన వరిని వేల ఏళ్లుగా పండిస్తున్న ప్రాంతం. అలాంటి చోట ఈ పరిస్థితి. 1979లో అధ్యక్షుడు టోల్బర్ట్ ప్రభుత్వం వంద పౌండ్ల బియ్యం బస్తా ధరను 22 డాలర్ల నుంచి 26కు పెంచాలనుకుంది. స్థానిక రైతుకు ఊతమని చెప్పింది. అధ్యక్షుడి కుటుంబానికే వరి సాగు ఉండటంతో జనం నమ్మలేదు. ఏప్రిల్ 14న రాజధాని మన్రోవియాలో నిరసనకారులపై కాల్పులు జరిగాయి, కనీసం 40 మంది చనిపోయారు. ఏడాది తిరగకముందే సైనిక కుట్రలో టోల్బర్ట్ హతమయ్యాడు. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమైనా బియ్యం ధర ముట్టుకోవాలంటే టెన్షనే.

ఇప్పుడు అక్కడికి వచ్చే బియ్యంలో పెద్ద వాటా భారత్‌దే. కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం వెళ్లడం మనకు తెలిసిందే. 2023 జులైలో ఢిల్లీ బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసినప్పుడు ఇక్కడ చర్చంతా మన ధరల మీదే సాగింది. కొనేవాళ్ల గురించి మాట్లాడింది తక్కువ.

‘కర్రపెండలం తినండి’ అని సలహా ఇవ్వడం తేలిక. వాళ్లు ఎలాగూ తింటూనే ఉన్నారు. నా దృష్టిలో అసలు లోపం రోడ్లది, మిల్లులది. వానాకాలంలో పల్లె నుంచి లారీ కదలదు. చేత్తో దంచిన నాటు బియ్యం రుచి ఎంత బాగున్నా, మన్రోవియా చేరేసరికి ఓడలో వచ్చిన బస్తాతో ధరలో పోటీ పడలేకపోతోంది.