అడవీ, ఇంటర్నెట్టూ వాటంతట అవే కోలుకుంటాయా?

"అడవి కాలితే తనంతట తానే మొలుస్తుంది. ఇంటర్నెట్ తెగితే డేటా ఇంకో దారి వెతుక్కుంటుంది. రెండిటి సూత్రం ఒకటే, మనిషి వేలు పెట్టకుంటే చాలు." ఈ మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. వినసొంపుగానే ఉంది కానీ, నిలబడదు.

ముందు ఇంటర్నెట్ సంగతి. ఒక లైను పోతే డేటాకు దారి చూపే పరికరాలు, అంటే రౌటర్లు, దాన్ని వేరే లైనుకు మళ్లిస్తాయి, నిజమే. ఆ వేరే లైను ముందే ఎవరో డబ్బు పెట్టి వేసి ఉండాలి మరి. 2008 జనవరిలో ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు కేబుళ్లు తెగితే మన దేశంలో నెట్ నత్తనడకన నడిచింది. అలాంటి కేబుల్ దానంతటదే అతుక్కోదు. ఓడ వెళ్లి తెగిన కొసలు పైకి లాగి అతకాల్సిందే.

2024 జూలై 19 ఇంకా మంచి ఉదాహరణ. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి కూలబడ్డాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చాలా మెషీన్లను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో) తెరిచి, అప్‌డేట్‌తో వచ్చిన తప్పుడు ఫైలును మనుషులే తీసేయాల్సి వచ్చింది. ఐటీ వాళ్లకు ఆ వీకెండ్ ఎంత టెన్షనో అడిగి చూడండి. అన్నిచోట్లా ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంతే. అడవితో పోలిక పెట్టాలంటే ఇక్కడ పెట్టొచ్చు: ఒకే జాతి చెట్లు నాటిన తోటకు ఒక్క తెగులు చాలు.

ఇక అడవి. 1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో సుమారు 8 లక్షల ఎకరాలు కాలాయి. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్లలో కొన్నిటి కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి. మంట వేడికి జిగురు కరిగి గింజలు రాలాయి, అడవి మళ్లీ లేచింది. మెసేజ్ వాళ్లు చెప్పే కథ ఇక్కడితో ఆగుతుంది. అలా లేచిన కుర్ర అడవి కొంత 2016లో మళ్లీ కాలింది. మంటకూ మంటకూ మధ్య గడువు తగ్గేసరికి, ఈసారి వచ్చిన మొలకలు అంతకుముందు మంట తర్వాత వచ్చినవాటిలో ఆరో వంతే.



అసలు "వేలు పెట్టకుంటే చాలు" అన్న మాటే పెద్ద చిక్కు. నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో వేసవి మంటలు ఎక్కువగా మనుషుల వల్ల పుట్టేవే. తునికి చిగురు కోసమో, మేతకు కొత్త గడ్డి కోసమో పెడతారు, లేదా ఆర్పకుండా పారేసిన బీడీతో అంటుకుంటుంది. పెద్ద టేకుకు ఏమీ కాదు. చిన్న టేకు మొక్క మాత్రం పైన కాలిపోయి, వేరులోంచి మళ్లీ పిలక వేస్తుంది. మరుసటి ఏడు ఆ పిలకా కాలిపోతుంది. వేరు బతికే ఉన్నా మొక్క మోకాలెత్తు దాటదు. అందుకే ఎండలు ముదరకముందే ఫారెస్టు సిబ్బంది ఎండుటాకులు ఊడ్చి, మంట దాటకుండా ఖాళీ బాటలు, అంటే ఫైర్ లైన్లు, వేస్తారు. ఈ మెసేజ్ లెక్కన అదీ వేలు పెట్టడమే.