పిలిచిన ఇంటికి ఏం పట్టుకెళ్లాలి?

పార్టీకి రమ్మని పిలుపు రాగానే సంతోషం, ఆ వెంటనే ఓ చిన్న టెన్షన్. చేతులూపుకుంటూ వెళ్లలేం కదా, మరి ఏం పట్టుకెళ్లాలి? ఆఖరి నిమిషంలో దారిలో ఏదో షాపు ముందు ఆగి, చూడ్డానికి బాగున్నది ఒకటి కొని, మెరుపు కాగితం చుట్టించి పనైపోయిందనుకుంటాం. నన్నడిగితే చిక్కంతా ఆ 'చూడ్డానికి బాగున్నది' దగ్గరే మొదలవుతుంది. పుట్టినరోజు కానుక తీసుకునే మనిషి ఆ పూట తీరిగ్గా కూర్చుని ఉంటారు. విందు ఇచ్చే మనిషికి ఆ సాయంత్రమంతా ఊపిరి సలపదు. మనం తెచ్చింది ఆ పనికి సాయపడుతుందా, అడ్డం పడుతుందా అన్నది ముందు చూసుకోవాలి.

పూలగుత్తి సంగతే చూడండి. ఎవరూ వంక పెట్టలేని కానుక. కానీ అది చేతికందే సమయం ఎలాంటిది? పొయ్యి మీద ఏదో ఉడుకుతుంటుంది, ఫోన్‌లో ఎవరో దారి అడుగుతుంటారు, ఇంతలో కాలింగ్ బెల్. తడి చేతులు తుడుచుకుంటూ తలుపు తీస్తే ఎదురుగా పూలు. ఇప్పుడు వాటికి సరిపడే ఫ్లవర్‌వాజ్ వెతకాలి. ప్లాస్టిక్ విప్పి, కాడల చివర్లు కత్తిరించాలి. నీళ్లలో మునిగే ఆకులు తుంచేయాలి, లేకపోతే అవి కుళ్లి నీళ్లు పాడవుతాయి. అందుకు కావలసిన పది నిమిషాలు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేవు. అందుకే చాలా పూలగుత్తులు ఆ రాత్రంతా సింకు పక్కనే ఉండిపోతాయి. అవే పూలను నీళ్లతో సహా ఓ గాజు సీసాలో అమర్చి తీసుకెళ్తే, అందుకుని బల్ల మీద పెట్టేస్తారు, అంతే. పార్టీ రోజు పొద్దున్నే పంపగలిగితే మరీ మంచిది, ఇంటి అలంకరణలో కలిసిపోతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీల జోలికి వెళ్లొద్దు. ఆకు గానీ, రేకు గానీ, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకడం వల్ల గానీ లోపలికి పోతే పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం మీదకే రావచ్చు.

ఖరీదు ఎక్కువైతే మన్నన కూడా ఎక్కువే అన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నమ్మకాన్నే పరీక్షించారు. నిశ్చితార్థపు ఉంగరం కొన్న మగవాళ్లు ఖరీదు పెరిగేకొద్దీ కాబోయే భార్య సంతోషం కూడా పెరుగుతుందనుకున్నారు. తీసుకున్న ఆడవాళ్ల మాటల్లో మాత్రం ఖరీదుకూ సంతోషానికీ అలాంటి లంకె కనబడలేదు. ఉంగరం విషయంలోనే ఇలా ఉంటే, ఒక పూట విందుకు పట్టుకెళ్లే వస్తువు ధర ఎవరికి పట్టింది?

పట్టకపోవడమే కాదు, ఇబ్బంది కూడా పెడుతుంది. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లోనే వివరించాడు. భోజనానికి పిలిచిన మనిషి చేతిలో బరువైన కానుక పెడితే ఆ మూడో బాధ్యత వాళ్ల నెత్తిన పడుతుంది. వచ్చేసారి మనింటికి వచ్చేటప్పుడు అంతకు తగ్గట్టు తేవాలి. పక్కనే చిన్న పొట్లంతో నిలబడ్డ మరో అతిథి ముఖం చిన్నబోవడం సరేసరి.

పోనీ, తీసుకున్నవాళ్లకు ఆ వస్తువు విలువ మనం పెట్టినంత ఉంటుందా అంటే అదీ లేదు. అమెరికా ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్ 1993లో క్రిస్మస్ కానుకల మీద లెక్క వేశాడు. పెట్టిన ఖర్చులో సుమారు పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అవుతోందని తేల్చాడు. తమంతట తాముగా అయితే ఆ వస్తువుకు అంత పెట్టేవాళ్లం కాదని పుచ్చుకున్నవాళ్ల ఉద్దేశం. స్నేహితులు ఇచ్చిన వాటిలో ఈ నష్టం తక్కువగానూ, తాతలు, అమ్మమ్మలు, బాబాయిలు, మేనత్తల లాంటి బంధువులు ఇచ్చిన వాటిలో ఎక్కువగానూ కనిపించింది. అంటే తేడా తెచ్చేది ఆ మనిషి గురించి మనకు ఎంత తెలుసన్నదే. గోడకు తగిలించే బొమ్మలు, షోకేసు వస్తువులు, ఘాటైన సెంటు కొవ్వొత్తులు ఇంత తరచుగా అటకెక్కడానికి కారణం ఇదే. పైగా వాటిని పారేయడానికి మొహమాటం, ఎప్పుడైనా మనం వస్తే కనిపించాలేమోనని బెంగ.

ఇచ్చేవాళ్లు కాగితం విప్పే క్షణం గురించి ఆలోచిస్తారు, పుచ్చుకునేవాళ్లు ఆ తర్వాత అది దేనికి పనికొస్తుందో ఆలోచిస్తారు. జెఫ్ గలాక్, ఆయన సహ పరిశోధకులు 2016లో చెప్పింది క్లుప్తంగా ఇదే. విందు ఇచ్చే ఇంటికి దీన్ని అన్వయిస్తే నాకు తోచేది మర్నాటి పొద్దు. గిన్నెలు గుట్టగా పడి ఉంటాయి, ఒళ్లు హూనమై ఉంటుంది, వంట చేసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ పూట పొయ్యి వెలిగించకుండా తినగలిగేది ఏదైనా ఇవ్వండి. ఇస్తూనే 'ఇది రేపటికి, ఇప్పుడు విప్పకండి' అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే, ఇప్పుడే అందరికీ వడ్డించాలా, లోపల దాచుకుంటే ఏమైనా అనుకుంటారా అని వాళ్లు తర్జనభర్జన పడతారు. తమ లెక్క ప్రకారం సర్దుకున్న వంటల మధ్య మనం తెచ్చింది ఇరికించాల్సి వస్తుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరొకటి ఉంది. చాలా ఇళ్లలో పిలిచేది ఒకరు, చాకిరీ చేసేది ఇంకొకరు. మనకు స్నేహం ఉన్న మనిషికి హాల్లో కానుక ఇచ్చి, కరచాలనం చేసి, కబుర్లలో పడిపోతాం. రెండు రోజుల ముందు నుంచి వంట సామాన్లు సమకూర్చి, కూరలు తరిగి, ఇల్లు సర్దిన మనిషి లోపలే ఉండిపోతారు. కానుక తీసుకెళ్లేది ఆతిథ్యానికైతే, ఆ ఆతిథ్యం ఎవరి చేతుల మీదుగా జరిగిందో కనుక్కుని, వాళ్ల ఇష్టాన్ని బట్టి ఎంచుకుని, వంటింట్లోకి వెళ్లి మరీ వాళ్ల చేతికే ఇవ్వాలి. ఇందులో మరో మాటకు తావు లేదనుకుంటాను.

'ఏం తెమ్మంటారు?' అని ఫోన్ చేస్తే 'ఏమీ వద్దు, మీరొస్తే చాలు' అనే అంటారు. మర్యాదస్తుల నోట ఇంకో జవాబు రాదు. అడగడంలో కాస్త నేర్పు కావాలి. 'ఐస్ నేను తెస్తున్నాను, ఎన్ని ప్యాకెట్లు సరిపోతాయి?' అంటే అసలు సంగతి బయటికొస్తుంది. కుర్చీలు తక్కువయ్యాయనో, పిల్లల్ని ఓ గంట ఆడిస్తే చాలనో చెబుతారు. అలా తెలిసిన అవసరం తీర్చడం, రంగు కాగితం చుట్టిన దేనికన్నా తక్కువని నేననుకోను. సాయం చేద్దామని మాత్రం ముందుగా చెప్పకుండా అరగంట ముందే వెళ్లిపోకండి. ఆ అరగంటలో వాళ్లు స్నానానికి వెళ్లి ఉండొచ్చు.

ఇక మర్నాడు పంపే మెసేజ్. 'థ్యాంక్స్, చాలా బాగుంది' అని ముక్తసరిగా పంపేస్తుంటాం, కొందరైతే అదీ మానేస్తారు. కృతజ్ఞత చెప్పేవాళ్లు ఎదుటివారి సంతోషాన్ని తక్కువగానూ, వాళ్లు ఇబ్బంది పడతారేమోనన్న భయాన్ని ఎక్కువగానూ ఊహించుకుంటారని అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి మొహమాటపడకుండా వివరంగానే రాయండి. ఏ వంటకం రెండోసారి వడ్డించుకున్నారో, ఎవరిని పరిచయం చేసినందుకు సంతోషించారో, ఇంటికెళ్లాక మీ అమ్మాయి ఏ ఆట గురించి చెబుతూ నిద్రపోయిందో రాయండి. వండిన మనిషి నంబర్ మీ దగ్గర లేకపోతే, అడిగి తీసుకుని వాళ్లకే నేరుగా పంపండి.