పంచాంగకర్తలకు ఒక విన్నపం: హెచ్‌వన్‌బీ ఫలాలు కూడా రాయండి

రాజు ఎవరు, మంత్రి ఎవరు, మేఘాధిపతి ఎవరు, సస్యాధిపతి ఎవరు అని ఏటా అంత ఓపిగ్గా రాస్తారు కదా, మార్చి నెలంతా తెలుగువాళ్ల ఇళ్లలో నిద్ర లేకుండా చేసే హెచ్‌వన్‌బీ, అదే అమెరికాలో ఉద్యోగం చేసుకోవడానికి లాటరీ తీసి ఇచ్చే వీసా, దాని గురించి ఒక్క ముక్క రాయరేం? నవనాయకులకు తోడుగా పదో నాయకుణ్ణి, వీసాధిపతిని, తక్షణం చేర్చాలని నా డిమాండ్. ఇందులో వెటకారం ఏమీ లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

2025 మార్చి 30, విశ్వావసు ఉగాది. మా కాలనీ గుళ్లో సిద్ధాంతిగారు రాశులవారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదువుతున్నారు. మా అక్క చెవులు అటే ఉన్నా కళ్లు మాత్రం ఫోన్ మీదే. లాటరీ రిజిస్ట్రేషన్ 24న ముగిసింది, నెలాఖరులోగా ఫలితం చెబుతామన్నారు, డాలస్‌లో కొడుకు, ఇక్కడ ఈవిడ, ఇద్దరికీ ఒకటే టెన్షన్. చివరికి 'సబ్మిటెడ్' అన్న మాట 'సెలెక్టెడ్'గా మారనే లేదు. మూడోసారి. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేసుకోనిచ్చే ఓపీటీ ఒక ఏడాది, సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు రెండేళ్లు, మొత్తం మూడు ఉగాదులు వాడికి అలాగే గడిచాయి. రాశిఫలాల్లో ఉద్యోగప్రాప్తి అని రాశారండీ, ఉద్యోగం ఉంది, వాడి బాధ ఉద్యోగం కాదు!

ఆదాయ వ్యయాలు లెక్కలేయడం మీకు కొత్త కాదు కాబట్టి అంకెలు ఇస్తున్నాను, రాసుకోండి. ఆదాయం: ఏటా 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా మరో 20 వేలు. వ్యయం: 2023 మార్చిలో పడిన రిజిస్ట్రేషన్లు 7,80,884. అంతమంది మనుషులు కాదులెండి, కొందరికైతే మూడు నాలుగు కన్సల్టెన్సీలు తలా ఒక చీటీ వేశాయి, ఒకే పిల్లాడికి నాలుగు జాతకాలు రాయించినట్టు. ఆ మరుసటి ఏడు నుంచి ఎన్ని చీటీలు వేసినా మనిషి ఒక్కడే, పాస్‌పోర్టు ఒక్కటే అన్నారు. 2025లో చీటీ ధర 10 డాలర్ల నుంచి 215కి పెంచారు. 2026 నుంచి జీతం స్థాయిని బట్టి ఒక్కొక్కరికి ఒకటి నుంచి నాలుగు చీటీలట. అంటే ధనస్థానం బలంగా ఉన్నవాడికి గురుబలం కూడా కలిసొస్తుంది, మీ శాస్త్రమే కదా ఇది.

ఇక గ్రహణాల సంగతి. 2025 సెప్టెంబరు 21న పాక్షిక సూర్యగ్రహణం, మన దేశంలో కనిపించదు కాబట్టి నియమాలేవీ పాటించక్కర్లేదని రాశారు. సరిగ్గా ఆ మహాలయ అమావాస్య నాడే కొత్త హెచ్‌వన్‌బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ట్రంప్ ప్రకటన అమల్లోకి వచ్చింది. దాదాపు 88 లక్షల రూపాయలు! ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటున్న ఇళ్లల్లో ఆ పొద్దు ఎన్ని వాట్సాప్ ఫార్వర్డులు తిరిగాయో. ఇండియాకి బయల్దేరి విమానం ఎక్కినవాళ్లు దిగిపోయారు, పాతవాళ్లకి వర్తించదని ఆ తర్వాత తీరిగ్గా చెప్పారు. కనిపించని గ్రహణమా అది? అమీర్‌పేటలో మిట్టమధ్యాహ్నం చీకటి పడింది.

వక్రగతి గురించి మీకు నేను చెప్పాలా. మా బాబాయి కొడుకు అమెరికాలో శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్‌కార్డు కోసం ఈబీ-2 అనే క్యూలో ఉన్నాడు, వాడి ప్రయారిటీ డేట్, అంటే క్యూలో చేరిన తేదీ, 2014 నవంబరు. జనాభా ఎంతైనా సరే, ఒక్కో దేశానికి గ్రీన్‌కార్డుల్లో 7 శాతం దాటకూడదని అక్కడి చట్టం, కాబట్టి మనవాళ్ల క్యూ చాలా పొడుగు. ఏ తేదీవాళ్ల వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో తేదీ 2022 సెప్టెంబరు నాటికి 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది, వాడు స్వీట్లు పంచాడు, కార్డు చేతికి రాకముందే అక్టోబరులో అది 2012 ఏప్రిల్ 1కి వెనక్కి పోయింది. శని కూడా వక్రిస్తే నాలుగైదు నెలల్లో తిరిగి సరైన దారికొస్తాడు, ఏలినాటి శనైనా ఏడున్నరేళ్లకు వదిలేస్తుంది. ఈ తేదీ 2025 వేసవికి కూడా 2013 జనవరి 1 దగ్గరే ఉంది. దీనికి ఏ దానం చేయాలో చెప్పండి, నువ్వులు కిలోల్లెక్కన కొంటాం.

ఆ క్యూలో నిలబడటానికి ముందు చేయాల్సిన నోము మాత్రం మీ పుస్తకంలో తప్పక ఉండాలి. దాని పేరు పర్మ్. వాడు ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగానికే కంపెనీ రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేయాలి, ఈ పని చేయగల అమెరికన్ ఎవరైనా ఉన్నారా అని. ఎవరైనా వస్తే నోము భంగం. అందుకని మా వాడు ఆ రెండు ఆదివారాలూ ఊళ్లో ఎవరూ పేపరు తిరగెయ్యకూడదని ఉపవాసం ఉన్నాడు. సొంత ఉద్యోగానికి ప్రకటన వేయించుకుని, దాన్ని ఎవరూ చూడకూడదని మొక్కుకోవడం ఇంకే వ్రతకథలోనైనా ఉందా?

చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు మా అక్క ఎప్పుడో చేసేసింది. కోరిక తీరాక చేయాల్సిన 108 చేసే యోగం ఇంకా పట్టలేదు. ఈమధ్య కొత్త పంచాంగం కోసం పుస్తకాల షాపుకి వెళ్లి, 2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరమని అట్ట మీద చదివి, అక్కడే పెట్టేసి వచ్చింది. వేరే సిద్ధాంతి రాసింది ఉందేమో అడిగిందట, అందులో పేరు ఇంకేదైనా ఉంటుందేమోనని.